ఫోను ఆరిపోయాక చదివిన వాక్యం

ఆగస్టులో రెండో మంగళవారం, పగలు పదకొండుంబావు. అనకాపల్లి బస్టాండులో కూర్చున్నాను. ఆ ఆదివారం చర్చిలో మొదటిసారి నేను వాక్యం చదవాలి. అరవై దాటాక అక్షరాలు నేర్చినదాన్ని, నలుగురిలో తడబడితే పరువు పోతుందని భయం. అందుకే ఆ భాగాన్ని ఫోన్లో బైబిలు యాప్ చేత, ఇక్కడ కూర్చున్నాక కూడా, పైకే పదేపదే చదివించుకుని విన్నాను. ఇప్పుడు స్క్రీను మీద వేలు పెట్టి గడగడా చదువుతున్నాను.

పక్కన ఖాళీ చేపల తట్టతో కూర్చున్నావిడ నవ్వింది.

"మామ్మా, నీ పోను ఆరిపోయి సేనా సేపయ్యింది. ఏటి సూసి సదువుతన్నావు?"

నిజమే, స్క్రీను నల్లగా ఉంది. "నీకెందుకే?" అన్నాను.

"నాకు సదువు రాదులే. నువ్వు ఇననిదేటైనా సదువు, ఇంటాను."

రోషమొచ్చి, ఎప్పుడూ వినని పేజీ తీశాను. అక్షరాలు కూడబలుక్కుంటూ చదివాను. రాత్రంతా వలలేసినా ఒక్క చేపా పడని జాలర్ల సంగతి. ఆవిడ దగ్గరికి జరిగింది.

"మా ఆయనా అలాగే ఒట్టి సేతుల్తో వత్తాడు. తరవాతేటైనాది?"

టీ కొట్టాయన స్టవ్ హోరు తగ్గించాడు. ఇంతలో ఆవిడ బస్సొచ్చింది. కండక్టరు కేకేశాడు.

"నువ్వెల్లిపో బాబూ, సేపలింకా పడనేదు!" అంది.

చేపలు పడేదాకా చదివించుకుని తరవాతి బస్సెక్కింది.

విని బట్టీపట్టింది అప్పజెప్పడం చదువు కాదని పాస్టరు గారికి చెప్పేసి, ఆదివారం తప్పులతోనే ఆ చేపల భాగం చదివాను.

ఆ మంగళవారం బస్టాండులో ఉన్నది నేను, మరియమ్మని, టీ కొట్టు అప్పారావు, చేపలు పడకముందే వెళ్లిపోయిన కండక్టరు, పేరడగడం మరిచిన ఆ చేపలావిడ.