ఒక్క వాక్యం అడిగినందుకు

విర్జిల్ స్టానెక్‌ని మా ఊళ్ళో పనిగట్టుకుని పొగిడినవాడు లేడు, అనుమానించినవాడూ లేడు. ధాన్యం గోదాము దగ్గర లారీ కాటా మీద ముప్పై ఎనిమిదేళ్ళు కూర్చున్నాడు. లోడు తూచేటప్పుడు డ్రైవరు లోపల కూర్చుని, ఖాళీ లారీ తూచేటప్పుడు దిగిపోతే, మనిషి బరువు కూడా మొక్కజొన్న కింద జమ అవుతుంది. నెబ్రాస్కాలో ఇది తాతలనాటి దొంగతనం. విర్జిల్ కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం హ్యాంక్, ఈసారి నిన్ను కూడా అమ్మేశావా? ఎక్కు, ఎక్కు" అనేవాడు. సొంత బావమరిదిని కూడా అలాగే ఎక్కించాడు. ఆ బావమరిది రెండేళ్ళు మాట్లాడలేదు.

నేను అతని పక్కింటివాణ్ణి. లింకన్ నగరంలో కాలేజీ మూడు సెమిస్టర్లు చదివి మానేసి వచ్చాను కాబట్టి ఊళ్ళో నాకు తీరిక ఎక్కువ, మర్యాద తక్కువ. మళ్ళీ కాలేజీకి ఎప్పుడు వెళ్తావని నన్ను అడగనిది విర్జిల్ ఒక్కడే.

కాటా కాకుండా అతనికి ఇంకో పని ఉండేది. మా ఊరి మాజీ సైనికుడు ఎవరు పోయినా ఏడుగురు ముసలివాళ్ళు పాత యూనిఫారాలు బిగించుకుని శ్మశానానికి వెళ్ళి, సైన్యం అరువిచ్చిన రైఫిళ్ళతో అందరూ ఒక్కటిగా మూడుసార్లు ఆకాశంలోకి కాల్చేవారు. తూటాల్లో గుండు ఉండదు, మోత మాత్రమే. నలభై ఏళ్ళుగా ఆ జట్టుకి పెద్ద విర్జిల్.

మార్చిలో డ్వేన్ కుచెరాకి కాలేయం పాడైపోయిందనీ, ఇక ఇంటికి తీసుకుపొమ్మనీ చెప్పేశారు. విర్జిల్, డ్వేన్ ఒకే బస్సులో ఊరు వదిలి వియత్నాం యుద్ధానికి వెళ్ళి వేరువేరు నెలల్లో తిరిగొచ్చినవాళ్ళు. ఆసుపత్రి మంచం డ్వేన్ ఇంటి ముందుగదిలోకి చేర్చిన రోజు నేనూ ఒక పక్క పట్టాను.

"ఒరేయ్ విర్జ్, నాకు కాల్చేటప్పుడు మూడంటే మూడే మోతలు వినపడాలి" అన్నాడు డ్వేన్. "మూకుట్లో పేలాలు వేయించినట్టు టపటపలాడించారంటే పెట్టె మూత తోసుకుని లేచొస్తాను."

"లేచొస్తే మళ్ళీ పడుకోబెట్టే తూటాలు మా దగ్గర లేవురా. మావన్నీ ఉత్త మోతే."

"అచ్చం నీలాగే."

వంటింట్లోంచి డ్వేన్ భార్య లొరెయిన్ కేకేసింది. "ఇద్దరూ నోళ్ళు మూసుకుంటే సూప్ పోస్తాను."

ఆ వారమే సైన్యం నుంచి కాగితం వచ్చింది. రైఫిళ్ళు అట్టే పెట్టుకోవాలంటే ఏడాదికోసారి సంతకం చేసి పంపాలి. అందులో ఒకచోట, వీటిని స్థానిక చట్టాలకు లోబడే వాడుతున్నాం అని ఉంటుంది. విర్జిల్ ఏటా సంతకం పెట్టేవాడు. కానీ రెండేళ్ళ కిందట శ్మశానం చుట్టూ అరవై కొత్త ఇళ్ళు లేచాయి, హద్దు జరిపి మొత్తం ఊళ్ళో కలిపేశారు. విర్జిల్ పెన్ను పక్కనపెట్టి ఊరి ఆఫీసుకి వెళ్ళాడు. అక్కడి గుమాస్తా మార్లిస్‌ని తుపాకుల నిబంధన కాపీ అడిగాడు.

"ఎందుకు?"

"సంతకం పెట్టేముందు చదవాలి."

"ముప్పై ఏళ్ళుగా ఈ కుర్చీలో ఉన్నాను విర్జిల్. దాన్ని ఎవరూ చదవలేదు, అది ఎవరినీ కరవలేదు. సంతకం గీకి పంపెయ్."

"ఇప్పుడు మేం కాల్చేది ఊరి హద్దులోపల కదా."

"అడగకు. అడిగితే కౌన్సిల్‌వాళ్ళు జవాబు చెప్పాల్సొస్తుంది."

అయినా కాపీ తెచ్చుకున్నాడు. సాయంత్రం మా వరండాలోకి వచ్చి నాకు చదివి వినిపించాడు. "వెస్టన్ లాండింగ్ పట్టణ హద్దులలో, స్టీమరు రేవు వద్ద తప్ప, ఎవరూ ఎటువంటి తుపాకీనీ పేల్చరాదు." ఎవడో మహానుభావుడు ఎప్పుడో పరాయి ఊరి చట్టాన్ని పేరు కూడా మార్చకుండా దింపేశాడు. మా ఊళ్ళో ఉన్నది ఆగస్టులో ఎండిపోయే వాగు. దాంట్లో స్టీమరు కాదు, బాతు కూడా తేలదు.

ఇద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వు ఆగాక విర్జిల్ అన్నాడు, "మంచిదేలే. ఎలాగూ ఊరి పేరు దిద్దాలి కదా, అప్పుడే ఒక్క వాక్యం చేర్చమంటాను. సైనికుల అంత్యక్రియల్లో పేల్చే గుండులేని తూటాలకు ఇది వర్తించదు. అంతే."

ఏప్రిల్ కౌన్సిల్ సమావేశానికి నేనూ వెళ్ళాను, నా పని మీద. ఇంటిముందు గడ్డిలో తుక్కు ట్రక్కు పెట్టుకున్నానని నాకు నోటీసిచ్చారు. విర్జిల్ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. మాట్లాడేవాళ్ళకి తలా మూడు నిమిషాలు. నిబంధన చదివాడు. స్టీమరు రేవు దగ్గర హాలంతా గొల్లుమంది. ఇన్సూరెన్సు అమ్ముకునే మా మేయరు టాడ్ ఎబ్సెన్ కళ్ళు తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళూ అరువు చట్టంతో కాపురం చేశామన్నమాట."

ఊరి లాయరు కెండ్రా వాస్ నవ్వలేదు. ఆవిడ జిల్లా కేంద్రం నుంచి నెలకోసారి వస్తుంది. "స్టానెక్ గారూ, మీరు చాలా ముఖ్యమైన విషయం పట్టుకున్నారు. ఇలా ఉంటే ఇది కోర్టులో నిలవదు. ఇవాళే సరిచేద్దాం."

"సంతోషమమ్మా. మరి నా వాక్యం?"

"అది వేరే విషయం. ఒకరికి మినహాయింపిస్తే రేపు ఇంకొకరు వస్తారు. పైగా గుండు ఉన్నా లేకపోయినా పేలేదంతా తుపాకీయే అని నిర్వచనంలో ఉంది. దాన్ని కమిటీకి పంపుదాం."

"డ్వేన్ కుచెరా కమిటీ దాకా ఆగడు."

"ఆయనెవరు?"

టాడ్‌కి బేస్‌బాల్ బ్యాటు పట్టుకోవడం నేర్పింది డ్వేనే. టాడ్ కాగితాలు సర్దుకుంటున్నాడు.

"టాడ్, మీ నాన్నకి కాల్చింది మేమే" అన్నాడు విర్జిల్.

"తెలుసు విర్జిల్. చాలా బాగా చేశారు. మూడు నిమిషాలూ అయిపోయాయి."

కౌన్సిల్ సభ్యులు ఐదుగురూ చేతులెత్తారు. ఊరి పేరు దిద్దారు, స్టీమరు రేవు కొట్టేశారు, ఆ పూట నుంచే అమలన్నారు. నా ట్రక్కుకి ముప్పై రోజులు గడువిచ్చారు. డ్వేన్‌కి ఇవ్వలేదు. అప్పటిదాకా మా ఊళ్ళో తుపాకీ పేల్చవద్దనే చట్టమే లేదు. విర్జిల్ వెళ్ళి తెచ్చిపెట్టాడు.

తొమ్మిదో రోజు డ్వేన్ పోయాడు.

జట్టంతా విర్జిల్ గరాజులో చేరింది. ఎమిల్ ప్రోహాస్కా రైఫిలు ఒళ్ళో పెట్టుకుని, "కాల్చేద్దాం. పోలీసు చీఫ్ టోపీ తీసి నిలబడతాడు తప్ప బేడీలెయ్యడు" అన్నాడు.

"కాగితం మీద సంతకం నాది ఎమిల్. ఇప్పుడు తెలిసీ ఎలా పెట్టను?"

"నిన్ను చదవమని ఎవడేడ్చాడు? నలభై ఏళ్ళు చదవకుండా పాతిపెట్టలేదా జనాన్ని?"

నేనూ ఎమిల్ పక్కే మాట్లాడాను. ఒక్కరోజు కళ్ళు మూసుకోమన్నాను. విర్జిల్ నావైపు చూసి, "ఒక్కరోజు కళ్ళు మూసుకున్న కాటాని మర్నాడు ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. గొప్ప మాటే. ఆ క్షణంలో మాత్రం చెంప పగలగొట్టాలనిపించింది. నిజాయితీకి కూడా ఒక పొగరు ఉంటుంది, దాని ఖర్చు ఎప్పుడూ పక్కవాడి మీద పడుతుంది. ఎమిల్ రైఫిలు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

అంత్యక్రియల పొద్దున టాడ్ ఒక ఉపకారం చేశాడు. ఊరి ఈతకొలను దగ్గర పాటలు పెట్టే స్పీకరు పంపాడు, ఫోనులో తుపాకుల మోత ఎక్కించి మరీ. మోసుకొచ్చింది మార్లిస్. విర్జిల్ మొహం చూడలేక దాన్ని గడ్డిలో దించి పక్కకెళ్ళి నిలబడింది.

ఎమిల్ రాలేదు. మిగతా ఆరుగురూ రైఫిళ్ళెత్తి గురిపెట్టారు. మీట నొక్కింది మార్లిస్. మూడు మోతలూ వరసగా వచ్చాయి, ఎవరో కారు తలుపు గట్టిగా వేసినట్టు. ముందువరసలో ఒక పాప వెనక్కి తిరిగి కార్ల వైపు చూసింది, ఇంకా ఎవరొచ్చారా అని.

శవపేటిక మీద కప్పిన జెండా మడిచి విర్జిల్ లొరెయిన్‌కి అందించాడు. జెండాతోపాటు కాల్చిన తూటా తొడుగులు మూడు భార్య అరచేతిలో పెట్టడం మావాళ్ళ ఆనవాయితీ. వేడి ఇంకా ఆరకుండా పెడతారు. లొరెయిన్ జెండా చంకలో పెట్టుకుని చెయ్యి చాచింది. చాచి ఉంచింది. విర్జిల్ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఆమె లాక్కుంది.

"నువ్వు అడక్కుండా ఉంటే సరిపోయేది కదా విర్జిల్" అంది. తిట్టినట్టు కూడా అనలేదు.

మే నెలలో కమిటీకి మనుషులు చాల్లేదు. జూన్‌లో బడ్జెట్ అన్నారు. జులైలో విర్జిల్ రైఫిళ్ళన్నీ పెట్టెల్లో సర్ది సైన్యానికి తిప్పి పంపేశాడు.

ఆగస్టులో హైస్కూల్ ఫుట్‌బాల్ అభిమాన సంఘం కౌన్సిల్‌కి వచ్చింది. మావాళ్ళు పాయింట్లు కొట్టినప్పుడల్లా మైదానం చివర ఒక చిన్న ఫిరంగి పేలుస్తారు. కొత్త చట్టం ప్రకారం అదీ నేరమే. కెండ్రా వాస్ అది సంప్రదాయమంది. ఒక్క వాక్యం చేర్చారు. కాఫీ చల్లారేలోపు అయిపోయింది.

సెప్టెంబరులో మొదటి ఆట శుక్రవారం. నేను విర్జిల్ వంటింట్లో ఉన్నాను, మళ్ళీ వెళ్ళి అడగమని పోరుతూ. "వాళ్ళకిచ్చినప్పుడు నీకెందుకివ్వరు?"

"ఇస్తారేమో. దేంతో కాల్చను? ఎవరు కాలుస్తారు? ఎమిల్ చర్చిలో నా వరసలో కూడా కూర్చోడు."

కిటికీ అద్దాలు అదిరాయి. మావాళ్ళు పాయింట్లు కొట్టారు. కాసేపటికి ఇంకోసారి. అప్పుడు ఫోను మోగింది. విర్జిల్‌కి చెవుడు, ఫోను ఎప్పుడూ గట్టిగా పెట్టుకుంటాడు. అవతల లొరెయిన్. ఆమె ఇల్లు మైదానం వెనక వీధిలోనే.

"విర్జిల్, ఎవరికి కాలుస్తున్నారు? ఎవరు పోయారు? నాకెవరూ చెప్పలేదేం?"

"ఎవరూ పోలేదు లొరెయిన్. ఫుట్‌బాల్."

ఆమె ఫోను పెట్టెయ్యలేదు. విర్జిల్ కూడా పెట్టలేదు. ఫిరంగి మళ్ళీ పేలింది. ముందు ఫోనులో, ఆమె ఇంట్లోంచి వినపడింది. ఆ తర్వాత మా కిటికీలోంచి.