బీబీజీ చెప్పిన లెక్క

అయిదేళ్లు కావస్తోంది. ఈ సంగతి నా భార్యకు కూడా చెప్పలేదు. చెబుదామని నోరు తెరిచినప్పుడల్లా వేరే మాట వచ్చేది. మీరెవరో నాకు తెలియదు, బహుశా అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నన్ను నమ్మిన ఒక పెద్దావిడను, ఆమె ఎదుటే కూర్చుని, ఆమెకు అర్థం కాని భాషలో అబద్ధాలకోరును చేశాను. ఆ బరువు ఒక్కరోజు కూడా దిగలేదు.

నేను పెద్దగా చదువుకోలేదు. లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. నర్సయిన నా భార్య వెంట న్యూజెర్సీ వచ్చి, ఒక గోడౌన్‌లో సరుకు లెక్కపెట్టే పనిలో చేరాను. అక్కడ ఫోర్క్‌లిఫ్ట్ నడిపే కర్నైల్ సింగ్ నాకు స్నేహితుడయ్యాడు. నాది హైదరాబాద్ హిందీ, అతనిది పంజాబీ కలిసిన హిందీ. "మాస్టర్‌జీ, ఇంట్లో అన్నం మెతుకులు కూడా రెండుసార్లు లెక్కపెడతావా?" అని ఏడిపించేవాడు.

అంతకుముందు, ఎనభై నాలుగు చలికాలంలో, అతని ఊరి మీద గుంపు పడింది. ఢిల్లీకి ఒక పూట ప్రయాణం దూరంలో ఉంటుంది ఆ ఊరు. సిక్కుల ఇళ్లన్నీ ఒకటే వీధిలో. ఇళ్లు తగలబెట్టి, దొరికినవాళ్లను దొరికినట్టు చంపారు. కర్నైల్ తమ్ముడు, మరదలు, వాళ్ల నెలల పిల్లవాడు పోయారు. తల్లి మేత గదిలో దాక్కుని బతికింది. ఆమెను అతను ఇక్కడికి తెచ్చుకున్నాడు. చనిపోయింది పదకొండు మందేనని అక్కడి అధికారులు ప్రకటించారు. ఇక్కడి పేపర్లో కూడా అదే వచ్చింది.

"అమ్మకు అంకెలు రావు. మనుషులు మాత్రం అందరూ గుర్తే. నువ్వు లెక్క కట్టు, మాస్టర్‌జీ" అన్నాడు కర్నైల్.

ఆమెను అందరూ బీబీజీ అనేవారు. నన్ను ఆమె కొడుకులా 'పుత్తర్' అని పిలిచేది. మనవడు పుట్టినప్పుడు తన ఇంటితో సహా వీధంతా లడ్డూలు పంచిందట, మనిషికొకటి. ఏ ఇంటికి ఎన్ని ఇచ్చిందో వేళ్లు మడుస్తూ చెప్పింది. అందులోంచి, గుంపు పడ్డ రోజు ఊళ్లో లేనివాళ్లను, మర్నాడు మిలిటరీ ట్రక్కు ఎక్కి బయటపడ్డవాళ్లను తీసేశాను. నలభై రెండు వచ్చింది. వారం ఆగి, ఈసారి వీధి అవతలి చివరనుంచి అడిగాను. నలభై రెండే.

అప్పుడు తట్టింది. "బీబీజీ, పసివాడికి లడ్డూ ఇవ్వరు కదా. మీ మనవణ్ణి కలపలేదు."

ఆమె మడిచిన వేళ్లు విప్పింది. "వాడికింకా పళ్లే రాలేదు, పుత్తర్" అంది. "రాసుకో."

మిగతా ఇళ్లలో పాలుతాగే పిల్లలు లేరని అడిగి రూఢి చేసుకున్నాను. నలభై మూడు.

కర్నైల్ పేపర్ వాళ్లకు ఫోన్ చేశాడు. శనివారం మధ్యాహ్నం ఒక రిపోర్టరు వచ్చింది. కర్నైల్ ఓవర్‌టైమ్‌లో ఉన్నాడు. బీబీజీ, నేను, ఆమె, అంతే. రిపోర్టరు నా కాగితం రెండు వైపులా చూసింది.

"ఇది మీరు కట్టిన లెక్కే కదా? మీ పేరు వేయొచ్చా?"

నా పేరు. పాస్‌పోర్ట్ రెన్యూవల్‌కి ఇండియన్ కాన్సులేట్‌కు పంపి మూడు వారాలైంది. ప్రభుత్వాన్ని తప్పుపట్టే ఇలాంటి వార్తల్లో పేరు కనిపిస్తే పాస్‌పోర్ట్ ఆగిపోతుందని గోడౌన్‌లో ఎవరో అన్నారు. నిజమో కాదో నేను కనుక్కోలేదు. అన్నీ రెండుసార్లు చూసేవాణ్ణి, దీన్ని ఒక్కసారి కూడా చూడలేదు. పేరు వద్దంటే సరిపోయేది. ఎందుకు అనలేదు? ఎందుకు వద్దని ఆమె అడిగితే, భయపడుతున్నానని ఒప్పుకోవాల్సి వస్తుందని. లెక్కే తప్పని చెబితే ఇక ఏ ప్రశ్నా ఉండదు.

"లెక్క నాదే, మేడమ్. కానీ పెద్దావిడ జ్ఞాపకాన్ని నమ్మలేం. మొదటిసారి సొంత మనవణ్ణే మరిచిపోయింది."

రిపోర్టరు పుస్తకం మూసేసింది. బీబీజీకి ఇంగ్లీషు రాదు. తన తరఫున మాట్లాడుతున్నాననుకుని నా వైపు చూసి తలూపింది. నా గ్లాసులో ఇంకొంచెం టీ పోసింది. తాగాను.

పేపర్లో ఏమీ రాలేదు. "వాళ్లింతే" అన్నాను కర్నైల్‌తో. "నువ్వు మాత్రం చేయాల్సింది చేశావు, మాస్టర్‌జీ" అన్నాడతను. కొద్దిరోజులకు పాస్‌పోర్ట్ వచ్చింది. రెన్యూవల్ ముద్ర మీది తేదీ రిపోర్టరు రావడానికి రెండు రోజుల ముందుది. ఆ సంగతి ముందే తెలిసుంటే నిజం చెప్పేవాణ్ణా? చెప్పేవాణ్ణేమో. భయం లేనప్పుడు చెప్పే నిజానికి నేనే కావాలా, ఎవరైనా చెబుతారు.

ఇప్పుడు మేం టెక్సస్‌లో ఉంటున్నాం. కర్నైల్ ఫోన్ చేసినప్పుడు బీబీజీ నా కోసం అడుగుతుంది. నేను రిసీవర్ నా భార్యకిచ్చి పెరట్లోకి వెళ్లిపోతాను.

ఆమె మనవణ్ణి మరిచిపోలేదు. లడ్డూలు పంచిందే వాడి కోసం. ఆమె చెప్పిన లెక్క రెండుసార్లూ సరిగ్గానే వచ్చింది. చనిపోయింది నలభై మూడు మంది. ఈ మాట నేను ఇంతవరకు ఎక్కడా రాయలేదు. రాస్తుంటే కొంచెం ఊపిరి ఆడుతోంది. కింద నా పేరు పెట్టడానికి మాత్రం ఇప్పటికీ చెయ్యి రావడం లేదు.