తడి చేతుల పాఠం

బస్సు డిపో మేడ మీది కంప్యూటర్ గదిలోకి వెళ్లేముందు ఆయన ప్రతి సాయంత్రం ఒక పని చేస్తాడు. గుమ్మం పక్కనున్న బకెట్లో రెండు చేతులూ మణికట్టు దాకా ముంచుతాడు. తుడుచుకోడు. నీళ్లోడుతున్న చేతులు వెనక్కి పెట్టుకుని లోపలికి నడుస్తాడు. కొత్తగా వచ్చినవాళ్లు ఇదేదో నియమమనుకుని తామూ ముంచబోతే, "మీకొద్దు, ఈ జబ్బు నాకే," అంటాడు.

డిపోలో అందరికీ ఆయన చార్టు బాబాయ్. ఏ డ్రైవరు ఏ బస్సు ఎప్పుడు నడపాలో పెన్సిలుతో గీసే డ్యూటీ చార్టు ఇరవయ్యారేళ్లుగా ఆయనదే. ఎవరి తల్లిని ఏ రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాలో, ఏ డ్రైవరునీ ఏ కండక్టరునీ ఒకే బస్సెక్కిస్తే ప్రయాణికులు మధ్యలో దిగిపోతారో ఆయనకు కంఠతా వచ్చు.

ఆ పెన్సిలుకు గండం కొత్త ఆఫీసరు రూపంలో వచ్చింది. చార్టు రాసేవాళ్లు నలభై రోజుల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుని పరీక్ష పాసవ్వాలి, తప్పితే టైర్ల గోదాముకు పోవాలి అని నోటీసు అంటించాడు. నోటీసు మాత్రం చేత్తో రాసిందే. ఆ ఆఫీసరుకు టైపు కొట్టడం రాదు.

బాబాయ్ ముందుగా కోడలిని అడిగాడు. ఆవిడ ఉద్యోగమే అది.

"దీనికింత దిగులెందుకు మావయ్యగారూ? అరటిపండు ఒలిచి పెట్టినట్టు చెప్తాను. ఏదీ, కాస్త జరగండి."

జరిగాడు. ఆవిడ వేళ్లు టపటపలాడాయి, తెర నిండా అక్షరాలు పడ్డాయి. "అంతే! అర్థమైందిగా?"

"అయిందమ్మా," అన్నాడు. కోడలి ముందు కాలేదని ఏ మామగారు ఒప్పుకుంటాడు?

ఆఫీసులో పక్కసీటు గుమాస్తాను అడిగితే, "అబ్బ, అలా కాదు బాబాయ్! మీరు లేవండి," అని ఏకంగా కుర్చీయే లాక్కున్నాడు. ఇంటర్నెట్లో నేర్చుకునేవాళ్ల గుంపులో ప్రశ్న పెడితే ఒకాయన, ఈమాత్రం తెలియకుండా ఇక్కడికెందుకొచ్చారని కసురుకున్నాడు. ఇంకొకాయన నూరు లైన్ల జవాబు రాసిచ్చి, తనను మెచ్చుకోలేదని అలిగాడు. మూడో ఆయన ఆ భాషే దండగ, వేరేది మొదలుపెట్టమన్నాడు.

అరటిపండు అందరూ ఒలిచారు. ఒలిచి, తామే తిని, తొక్క బాబాయ్ చేతిలో పెట్టారు. ముప్పై రోజుల్లో ఆయన నేర్చుకున్నదల్లా చప్పున పక్కకు జరగడం.

ముప్పై ఒకటో రోజు ఆదివారం. పొద్దున్నే వంటింటి బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని కూర్చున్నాడు. డ్రైవర్ల పేర్లు వరసగా చూపించమంటే, అది మొదటి పేరునే చూపిస్తూ పోతోంది. ఎంతకీ ఆగదు.

"నువ్వైనా వచ్చి చూడవే," అని భార్యను పిలిచి, అలవాటు కొద్దీ జరిగాడు.

"చేతుల నిండా సబ్బు, నేనెలా ముట్టుకోనండీ? మీరే చెప్పండి, వింటాను," అందావిడ, గిన్నె తోముతూనే.

"ముందు ఒకటో పేరు దగ్గర నిలబడమన్నాను. పేర్లన్నీ అయ్యేదాకా, నిలబడ్డ చోటున్న పేరు చూపించమన్నాను."

"చూపించాక?"

"మళ్లీ చూపించమన్నాను."

"రెండో పేరుకి జరగమని ఎక్కడ చెప్పారు?"

"అదే జరుగుతుందిగా!"

"ఎందుకు జరుగుతుంది? అదేమైనా మీరా, చెప్పకముందే జరగడానికి?"

బాబాయ్ కుర్చీ దగ్గరికి లాక్కుని, ముప్పై రోజుల్లో మొదటిసారి తన వేళ్లతో తనే ఒక లైను కొట్టాడు. పేర్లు ఒకదాని వెనక ఒకటి దిగి, చివరి డ్రైవరు దగ్గర బుద్ధిగా ఆగాయి. ఆవిడ చూడనైనా లేదు. గిన్నె కడుగుతోంది.

ఆ తర్వాత ఆయన చదువంతా ఆవిడ అంట్లు తోమే వేళల్లోనే సాగింది. అంట్లు అయిపోతే కడిగిన గ్లాసులనే మళ్లీ సింకులో వేసేవాడు.

"ఈ చదువుకన్నా ఆ గ్లాసులు మీరు కడిగితే నాకు పుణ్యం," అనేదావిడ. అంటూనే, "ఊఁ, చూపించాక?" అని అడిగేది.

పరీక్షలో, ఏ డ్రైవరూ వరసగా ఏడు రోజులు బండెక్కాల్సి రాకుండా సెలవులు పంచే ప్రోగ్రామ్ రాయమన్నారు. కంప్యూటర్ ముందు కూర్చోగానే బాబాయ్ కాస్త పక్కకు జరిగాడు. ఎవరూ రాలేదు. మళ్లీ సర్దుకుని కూర్చుని, ప్రతి లైను తర్వాతా "చూపించాక?" అని తనలో తనే గొణుక్కుంటూ రాశాడు. అందరికన్నా ఆఖర్న లేచాడు, పాసయ్యాడు. కిటికీ పక్కన ఇన్నేళ్లూ చార్టు గీసిన కుర్చీ ఆయనకే మిగిలింది.

ఇప్పుడు సాయంత్రాలు ఆయనే నేర్పుతున్నాడు. ఎదుటివాళ్ల తప్పు కనిపించగానే ఆయన వేళ్లూ దురదపెడతాయి. తడి చేత్తో కరెంటు సామాను ముట్టుకోకూడదని గుర్తొచ్చి ఆగుతాయి.

ఆయన దగ్గర ప్రస్తుతం పదకొండు మంది నేర్చుకుంటున్నారు. పరీక్ష పెట్టిన ఆఫీసరూ వాళ్లలో ఉన్నాడు. ఇంకా మొదటి పేరు దగ్గరే ఉన్నాడు.