సత్యవతి అత్తని నేను అడిగిన ప్రశ్న

ఈ మాట నా కడుపులో పడి చాలా ఏళ్లయింది. నోటిదాకా వస్తుంది, మళ్లీ మింగేస్తాను. మా ఆయనకి చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అంతే, ఆ ధైర్యంతోనే చెబుతున్నాను.

మాది బిలాస్‌పూర్ రైల్వే కాలనీ. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి రైలింజన్ల షెడ్డులో పనికి వచ్చారు, ఇక్కడే ఉండిపోయాం. బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. పక్క క్వార్టర్లో సత్యవతి అత్త ఉండేది. చుట్టరికం ఏమీ లేదు, అలా పిలవడం అలవాటు. నాకు తెలుగు అక్షరాలు దిద్దించింది ఆవిడే. కాలనీలో ఎవరింట పేరంటమైనా, ఏ అమ్మాయికి నలుగు పెట్టినా ముందు పిలిచేది ఆవిణ్ణే. ఆవిడ చేత్తో పసుపు రాస్తే కలిసొస్తుందని అందరికీ నమ్మకం.

డిగ్రీలో నేను సోషియాలజీ తీసుకున్నాను. గొప్ప ఆశయమేమీ కాదు, సైన్సుకి మార్కులు చాల్లేదు. "అది చదివి ఏటి సేస్తావే?" అని కాలనీ కాలనీ అంతా నవ్వింది. నాన్నయితే రైల్వే పరీక్షల పుస్తకాలు తెచ్చి బల్లమీద పడేశారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. రెండో ఏడాదికి ఆ చదువు నన్ను నిజంగానే పట్టేసింది. ఎవరు ఎవర్ని పేరంటానికి పిలుస్తారు, ఎవరింట్లో టీ తాగుతారు, ఎవరింటికెళ్తే "ఇప్పుడే తాగొచ్చాం" అంటారు, ఇవన్నీ పుట్టినప్పట్నుంచీ చూస్తున్నవే. ఎందుకలా అని ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగడం మొదలుపెట్టాను.

ఆఖరి ఏడాది ప్రాజెక్టుకి మా కాలనీ తెలుగువాళ్లలో కులం అన్న విషయం ఎంచుకున్నాను. అత్త దగ్గర కూర్చున్నాను. నా చదువంటే ఆవిడకి ముచ్చట. చింతపండులో పిక్కలు తీస్తూ, ఊరి కబుర్లు చెబుతూ చెబుతూ గొంతు తగ్గించింది. ఆవిడ పుట్టింటివాళ్లది మేమంతా అనుకుంటున్న కులం కాదు. ఊళ్లో వాళ్లని ఎవరూ గుమ్మం లోపలికి రానివ్వరు. మావయ్య ఆవిణ్ణి ఇష్టపడి పెళ్లి చేసుకుని, రైలెక్కించి ఇక్కడికి తెచ్చేశాడు. ఇక్కడ పుట్టింటివాళ్ల ఇంటిపేరు వేరేది చెప్పుకుంది. ఈ సంగతి ఎదురు క్వార్టర్ పార్వతి పిన్నికి ఒక్కదానికే తెలుసంది. వాళ్లిద్దరూ ప్రాణస్నేహితులు.

"ఇంక నీకే సెప్పినాను. కడుపులో దాసుకో గుంటా" అంది.

దాచుకున్నానా?

పేరు మార్చి, నలుగు పెట్టే ఆవిడ అని రాశాను. పేరు మారిస్తే మనిషి దొరకదని మాకు చెప్పారు. పెద్ద ఊళ్లో దొరకదేమో. మా కాలనీలో నలుగు పెట్టే చెయ్యి ఇంకెవరికుంది? కాలేజీ సెమినార్లో నా ప్రాజెక్టు చదువుతున్నప్పుడు మా కాలనీ అమ్మాయి ఒకతె ఎదురుగా కూర్చుని ఉంది. నేను చూశాను. చూడలేదని ఇన్నాళ్లూ నాకు నేనే చెప్పుకున్నాను గానీ, చూశాను. ఆ పేరా వదిలేసి ముందుకెళ్లొచ్చు. కానీ మా సార్ తల ఊపుతున్నారు, హాలంతా నిశ్శబ్దంగా వింటోంది, నవ్విన వాళ్లందరికీ నా చదువేమిటో చూపించాలన్న కసి ఒకటి. చదివేశాను. చప్పట్లు కొట్టారు.

తర్వాత అత్తని ఎవరూ ఒక్క మాట అనలేదు. పిలవడం మానేశారు, అంతే. ఎవరు చెప్పారంటే "అందరూ అనుకుంటున్నారు" అనేవారు. శ్రావణమాసం వచ్చింది. అత్త జరీచీర కట్టుకుని వరండాలో కూర్చుంటే, ఆవిడ గుమ్మం ముందునుంచే ఆడవాళ్లందరూ పేరంటానికి వెళ్లిపోయారు. అందులో మా అమ్మా ఉంది. పెద్దవాళ్లలో ఆ ఇంటికి పార్వతి పిన్ని ఒక్కతే వెళ్లేది. గిన్నెలో ఏదో ఒకటి పట్టుకెళ్లి, అత్త పక్కనే కూర్చుని తినేది, అందరికీ కనబడేలా.

ఒకరోజు మధ్యాహ్నం అత్త నన్ను పిలిచింది. మొహం పీక్కుపోయింది.

"నువ్వు గానీ ఎక్కడైనా నోరు జారినావేటే?"

"నేనా? ఛ, లేదత్తా."

అక్కడితో ఊరుకున్నా ఇంత పాపం ఉండేది కాదు. నేను ఊరుకోలేదు.

"పార్వతి పిన్ని ఈమధ్య ఎవరెవరింటికి వెళ్తోందత్తా?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అచ్ఛా" అంది. మళ్లీ "అలగా" అంది.

ఎదుటివాళ్ల నోట్లో జవాబు పెట్టే ప్రశ్న వెయ్యకూడదని మాకు మొదటి ఏడాదిలోనే నేర్పారు. లీడింగ్ క్వశ్చన్ అంటారు. ఎందుకు వెయ్యకూడదో బట్టీపట్టి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని, ఎంత చక్కగా వేశానో చూడండి. పిన్ని మీద ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. ఒట్టి ప్రశ్న.

ఆ సాయంత్రం పిన్ని గిన్నె పట్టుకుని వస్తే అత్త తలుపు తియ్యలేదు. "ఏటయిందే సత్యా? నానేటి సేసినానే?" అని పిన్ని గుమ్మంలో నిలబడి పిలుస్తూనే ఉంది. నేను మా కిటికీ దగ్గర నిలబడి అంతా విన్నాను. బయటికి రాలేదు.

ఎందుకు చేశాను? నిజం ఒప్పుకుంటే అత్త నన్నేం చేసేది? తిట్టేది, ఏడ్చేది, అన్నం తిని పొమ్మనేది. అది నాకు తెలుసు. ఆవిడ దృష్టిలో మంచిపిల్లగా ఉండిపోవాలన్న యావ కోసం, ఆవిడకి మిగిలిన ఒకే ఒక్క మనిషిని లాగేశాను. ఇంతకంటే పెద్ద కారణం దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు.

ఆ ప్రాజెక్టుకి ఫస్టొచ్చాను. ఎమ్మే చేశాను, ఇప్పుడు ఒక కాలేజీలో సోషియాలజీ పాఠాలు చెబుతున్నాను. అప్పుడు నవ్వినవాళ్లే ఇవాళ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి "ఈ చదువు చదివితే ఏమవ్వొచ్చు?" అని అడుగుతున్నారు. సిగ్గులేకుండా సలహాలిస్తున్నాను. మనల్ని నమ్మి చెప్పినవాళ్లకి మన వల్ల హాని జరగకూడదని క్లాసులో చెప్పాల్సి వచ్చినప్పుడు బోర్డు వైపు తిరిగి చెబుతాను.

అత్తావాళ్లు ఇప్పుడు ఊళ్లోనే దయాల్‌బంద్‌లో అద్దెకుంటున్నారు, నేను అప్పుడప్పుడూ వెళ్లొస్తుంటాను. పిన్ని కూతురి దగ్గరికి రాయ్‌పూర్ వెళ్లిపోయింది. ఫోన్ చేసినప్పుడల్లా "సత్య ఎలగుంది?" అని నన్నే అడుగుతుంది. ఈమధ్య గోల్ బజార్‌లో అత్త కనబడి నా చెయ్యి పట్టుకుంది. "ప్రాణంలాటి పార్వతే అంత పని సేసింది. నువ్వొక్కదానివే నన్నొదల్లేదు తల్లీ" అంది. నేను ఆవిడ సంచీ అందుకుని ఆటో ఎక్కించాను. వీధంతా జనం, ఎండ. చెప్పలేకపోయాను.

ఇక్కడ చెబుతున్నాను. అత్త సంగతి బయటపెట్టింది నేను. పిన్ని మీదికి తోసింది నేను. రాసింది పైకి చదివి చూసుకున్నాను, ఊపిరి కొంచెం ఆడుతోంది. క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. ఎవరి చేతిలో ఉందో ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు, నా వల్ల.