వాగు ఇవతల రెండు గదులు

కామారెడ్డి కొత్త జిల్లా అయిన మరుసటి ఏడాది నన్ను అక్కడ మాతా శిశు ఆరోగ్య కార్యక్రమ అధికారిగా వేశారు. రోగులను చూసే ఉద్యోగం కాదది. ఏ ఊళ్లో తల్లీబిడ్డలకు ఏం ఇబ్బంది ఉందో తెలుసుకుని, ఏం చేయాలో పైవారికి రాసి పంపే పని.

ఆ వానాకాలం ఎల్లారెడ్డి వైపు ఒక పల్లెలో సుజాత అనే ఆమెకు నొప్పులు మొదలయ్యేసరికి వాగు పొంగింది. నీళ్లు తగ్గేదాకా ఒడ్డునే ఆటోలో ఉండిపోయింది. బిడ్డ దక్కలేదు. శిశు మరణం జరిగితే కారణాలపై సమీక్ష జరపాలి. ఆ సమావేశంలో కలెక్టర్ గారు నన్ను అడిగారు: మళ్లీ ఇలా కాకుండా ఏం చేయాలి, అది పనిచేస్తుందనడానికి రుజువేమిటి?

నెలలు నిండినవారిని ముందే ఆసుపత్రి దగ్గర ఉంచే గదుల గురించి చాలా దేశాల్లో పరిశోధనలున్నాయి. అలాంటి అధ్యయనాలను ఒకచోట చేర్చి తూచి చూసిన సమీక్షా పత్రం ఒకటి సంపాదించాను. రుజువు గట్టిది కాకపోయినా, దారి సరిగా లేని ఊళ్లకు మేలు జరగవచ్చని ముగింపులో ఉంది. దాన్ని ఒక పేజీ నోట్‌గా రాసి పెట్టాను. వాగు ఇవతల, ఆసుపత్రి పక్కన రెండు గదులు మంజూరయ్యాయి. మంచాలు, ఫ్యాన్లు, కొత్త దుప్పట్లు వచ్చాయి.

మరుసటి వానాకాలం మంచాలు ఖాళీగానే ఉన్నాయి. ఆశా కార్యకర్తలు నచ్చజెప్పడం లేదని కోపం వచ్చి, సంజాయిషీ అడుగుతూ మెమో తయారుచేశాను. ఆ పల్లెకు ఏళ్లుగా తిరుగుతున్న నర్సు భారతి దాన్ని చూసి, "మెమో ఇయ్యుండ్రి మేడం. ఇచ్చే ముందట ఒక్కసారి ఊరికి రాండ్రి" అంది.

వెళ్లాను. సుజాత అత్త గంగవ్వ వాకిట్లో మక్కలు ఒలుస్తోంది. ఆమె చిన్న కోడలికి ఎనిమిదో నెల. ఆ అమ్మాయిని గదికి ఎందుకు పంపలేదని అడిగాను.

"పోయినం మేడం. నన్ను ఉండనియ్యలే. మూడేండ్ల పిల్లను గూడ వద్దన్నరు. తల్లిని ఇడిసి అది ఉంటదా? ఆ వాగు కాడ మా మనుమడు పోయిండు, నేను మర్సిపోతనా? మీ గదిల మాకే జాగ లేదు."

గర్భిణి తప్ప ఎవరూ ఉండరాదన్న నిబంధన నేను రాసిందే.

తిరిగొచ్చి ఆ పత్రం మళ్లీ తెరిచాను. ముగింపుకు ముందే, ఇలాంటి గదులకు ఆడవాళ్లు ఎందుకు రారో చెప్పే పేజీలున్నాయి: తోడు మనిషికి చోటు ఉండదు, ఇంట్లో పిల్లల్ని చూసేవారుండరు, వండుకునే వీలుండదు. మొదటిసారి నేను ఆ పేజీలు చదవకుండా తిప్పేశాను.

మెమో చింపేశాను. తర్వాతి సమావేశంలో తప్పు నాదేనని చెప్పాను. కలెక్టర్ గారు కోప్పడలేదు, మార్చి రాయమన్నారు. ఈసారి రాసే ముందు భారతినీ గంగవ్వనూ అడిగాను. గంగవ్వ పొయ్యి కావాలంది.

నిబంధన మార్చి తోడు మనిషికీ పిల్లలకూ చోటిచ్చాం, పొయ్యి పెట్టించాం. వారం తిరగకుండా గంగవ్వ కోడలినీ మనవరాలినీ వెంటబెట్టుకుని వచ్చింది. కాన్పు క్షేమంగా అయింది. "గీ పిలగాడు దక్కిండు మేడం" అని బిడ్డను నా చేతుల్లో పెట్టింది. సంతోషించాను. కానీ ఆ రోజుల్లో వాన లేదు. ఇంటి దగ్గర ఉన్నా వాళ్లు వాగు దాటగలిగేవారే. అందుకని ఆ కాన్పును గది చేసిన మేలుగా నివేదికలో రాయలేదు. రానివారు ఎందుకు రాలేదో నమోదు చేసే రిజిస్టరు ఒకటి మాత్రం పెట్టించాను.

పరిశోధన నన్ను తప్పుదారి పట్టించలేదు. ముగింపు ఒక్కటే చదివి నిబంధనలు రాసింది నేను. ఆ తర్వాత ఏ ప్రతిపాదన పంపినా, అలాంటి పని అంతకుముందు ఎక్కడ ఎందుకు విఫలమైందో మొదటి పేరాలోనే రాశాను.