ఫ్రీజర్‌లో మిగిలిన సగం

రేఖ పదకొండేళ్లుగా గాజు కడుగుతోంది. మాదాపూర్‌లో నాలుగో అంతస్తులో ఉన్న ఒక ప్రైవేటు పరీక్షల ల్యాబులో ఆమె పని అదే. ఫ్లాస్కులు తోమాలి, కొలిమిలో కాల్చాలి, చల్లారాక హెక్సేన్ అనే ద్రావణితో కడగాలి, మూతులకు అల్యూమినియం రేకు చుట్టాలి. రేకే ఎందుకో ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. తెల్లాపూర్‌లో సెంట్రింగ్ మీది నుంచి పడ్డ మొగుడు బాలనర్సయ్య రెండేళ్లుగా మంచంలోనే ఉన్నాడు. ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది.

పోయిన నెల కెమిస్టు ఉమాశ్రీ ఆమెను పిలిచి మైక్రోస్కోపులో చూపించింది. నూకలో పావు వంతు కూడా లేని జీవి, అద్దంలాంటి ఒళ్లు, లోపల ఒక నూనె చుక్క.

"మా కాకినాడ సముద్రంలోవండి. పొలాల్లో ఎప్పుడో మానేసిన పురుగుమందులు నీళ్లలో ఇంకా ఉన్నాయి. అవి నీళ్లలో ఇమడవు, కొవ్వు కనిపిస్తే పట్టుకుంటాయి. వీటికున్న కొవ్వు ఆ చుక్కే. వీటిని వేలకొద్దీ చిన్న చేప తింటుంది, దాన్ని పెద్ద చేప."

"దాన్ని మనం. మరి ఇవి బయటికి పంపవా మేడం?"

"పంపేది చాలా తక్కువ. అంతా లోపల దాచుకోవడమే."

"మా అత్త లెక్క," అంది రేఖ. ఉమాశ్రీ పగలబడి నవ్వింది.

పడవ మీద పది రోజులు వల లాగితే, ఎండాక మిగిలిన జీవులు రెండు గ్రాములు. సగం ఇప్పుడు పరీక్షించి, మిగతా సగం ఫ్రీజర్‌లో ఉంచుదాం అనుకున్నారు.

సరిగ్గా అప్పుడే రేకు అయిపోయింది. మేనేజరు ఉదయ్ భాస్కర్‌ను అడిగితే, "రేకుకి కూడా నేనేనా? ఏదో ఒకటి సర్దుకో," అన్నాడు. రేఖ క్యాంటీన్ నుంచి సమోసాలకు చుట్టే పల్చటి ప్లాస్టిక్ తెచ్చి, హెక్సేన్ తడి ఆరకముందే ఆ పరీక్షకు కడిగిన ఆరు ఫ్లాస్కులకూ బిగించింది. పొద్దున ప్లాస్టిక్ పీకేసి ఫ్లాస్కుల్ని బల్ల మీద పెట్టింది.

మొదటి సగం పాడైంది. ఏమీ వేయని ఖాళీ ఫ్లాస్కులో కూడా యంత్రం ఏవేవో చూపించింది. అంటే ఆ మురికి సముద్రానిది కాదు, ల్యాబుదే.

"హెక్సేన్ సీసాలోనే ఏదో ఉంది," అంది ఉమాశ్రీ, కొత్త సీసా తెరుస్తూ. తలుపు దగ్గర నిలబడి ఉన్న ఉదయ్ భాస్కర్ వైపు తిరిగి అంది, "ఎక్కడో ప్లాస్టిక్ తగిలుంటుందండి. హెక్సేన్ దాన్లోని రసాయనాల్ని లాగేస్తుంది." మాట్లాడుతూనే ఫ్రీజర్‌లోంచి రెండో సగం ఉన్న చిన్న సీసా తీసి, మూత తిప్పి, మిగిలిన మూడు ఫ్లాస్కుల్లో ఒకదాన్ని దగ్గరికి లాక్కుంది.

రేఖ గబగబా బల్ల దగ్గరికి వచ్చింది.

"జర ఆగండి మేడం. మళ్ల కడిగి ఇస్త."

"ఎందుకండీ? కాల్చినవే కదా."

ఉమాశ్రీ చేతిలో చిన్న సీసా వంగుతోంది. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. బాలనర్సయ్యకు మందులు ఆగవు.

"వాటికి ప్లాస్టిక్ కట్టిన," అంది రేఖ. "రేకు లేకుండె. సార్ ఏదన్న సర్దుకోమన్నడు."

ఉమాశ్రీ చేయి ఆగింది. ఆమె ఉదయ్ భాస్కర్ వైపు చూసింది.

"నేనట్లా ఎప్పుడన్నాను?" అన్నాడతను. "క్లయింటుకు ఏం చెప్పమంటావు? రేపట్నుంచి రావద్దు, కార్డు ఇక్కడ పెట్టి వెళ్లు."

ఉమాశ్రీ ఆ చిన్న సీసాకు మూత బిగించి ఫ్రీజర్‌లో పెట్టింది. అంతసేపూ వెనక్కి తిరగలేదు.

రేఖ మెడలోని కార్డు తీసి బల్ల మీద పెట్టి, బ్యాగు తీసుకుంది. కార్డు లేనిదే లోపలి నుంచి కూడా ల్యాబు గాజు తలుపు తెరుచుకోదు. ఎవరైనా అటు వస్తారేమోనని నిలబడి చూస్తూ ఉంది.