చెవిటాయనకి మూగ పడవ

మా తమ్ముడు సూరిబాబు నరసాపురం దగ్గర వశిష్ఠ పాయలో చేపలు పడతాడు. ఏళ్ళ తరబడి డీజిలు ఇంజను పక్కన కూర్చుని ఎడమ చెవి పూర్తిగా పోగొట్టుకున్నాడు. కుడి చెవిలో కొంచెం మిగిలింది. అదైనా నిలవాలంటే ఇంజను మానాల్సిందేనని రాజమండ్రిలో డాక్టరుగారు గట్టిగా చెప్పాక, పడవకి బ్యాటరీతో నడిచే కరెంటు మోటారు బిగించుకున్నాడు. నెల తిరక్కుండానే మా మరదలు మంగ ఫోను చేసింది.

"పాత ఇంజను కొనేవాడు ఆదివారం వస్తాడంట వదినా. నువ్వొచ్చి మీ తమ్ముడికి చెప్పు. ఆ ఇంజను గుమ్మం దాటితే నేనూరుకోను."

బుద్ధి ఎవరికి చెప్పాలో వెళ్ళాక తేల్చుకుందామని శనివారం మధ్యాహ్నం ప్యాసింజరెక్కాను. మా రాజమండ్రి నుంచి నరసాపురానికి బస్సులున్నాయి కానీ రైలే నయం. ఖర్చు తక్కువ, ఒళ్ళు హూనం కాదు. మంచినీళ్ళు మాత్రం ఇంటి దగ్గరే నింపుకోండి.

ఎదురు సీటులో భీమవరంలో దిగే రొయ్యల చెరువులాయన కూర్చున్నారు. నా ప్రయాణం సంగతి విని నవ్వారు.

"కరెంటు మోటారంటే పిల్లలాటండి. నడి గోదాట్లో ఆగిపోతే ఏం చేస్తారు?"

"ఇంజను ఆగినా తెడ్డేగా గతి? మీ చెరువులో గాలి కొట్టే ఏరేటర్లు దేంతో తిరుగుతున్నాయండీ, నేతితోనా?" అన్నాను. భీమవరం దాకా ఆయన కిటికీలోంచి వరిచేలు చూస్తూ కూర్చున్నారు.

సాయంత్రం నరసాపురంలో దిగి, ఆటోలో తమ్ముడి ఇంటికి చేరాను. వసారాలో పాత ఇంజను గోనెపట్టా కప్పుకుని ఉంది. దాని పక్కనే బ్యాటరీ పెట్టె ఛార్జింగుకి పెట్టి ఉంది. మంగ చేపల పులుసూ అన్నం వడ్డిస్తూనే మొదలెట్టింది.

"చెవిటాయనకి మూగ పడవ కట్టబెట్టారు వదినా. ఇదివరకు ఇన్ని ఇంజన్లలోనూ మాది ఏదో పడుకున్నా తెలిసేది నాకు. చప్పుడు దూరంగా ఉండగానే లేచి పొయ్యి మీద ఎసరు పెట్టి, బుట్ట పట్టుకుని రేవుకెళ్ళేదాన్ని. ఇప్పుడు ఆయనెళ్ళిన దగ్గర్నుంచీ గట్టు మీదే కూర్చుంటన్నాను. వస్తన్నాడో, అసలున్నాడో ఎలా తెలుస్తాది?"

మంగ అసలు భయం అది కాదు. మంచు కమ్మిన పొద్దుల్లో ఇక్కడ పడవలవాళ్ళు చెవులతోనే దారి చూసుకుంటారు. ఇంజను మోత ఎటు వినబడితే అటు నుంచి తప్పుకుంటారు. జనాన్నీ బళ్ళనీ అవతలి ఒడ్డుకి దాటించే పెద్ద పంటు, కిందటి వారం సూరిబాబు పడవని దాదాపు రాసుకుంటూ పోయిందట. దాని మోత వీడికి వినబడలేదు. వీడి పడవకి మోతే లేదు.

"గంట కట్టుకోవచ్చుగా?"

"కట్టాడు. ఇంజనైతే వలేశాక ఆపేస్తారు, గంట పడవ ఊగినప్పుడల్లా మోగతాది. వలల్లో పడే చేపలు బెదిరిపోతన్నాయని తోటివాళ్ళు తిట్టి విప్పించేశారు."

సూరిబాబు మా పెదాల వంక చూస్తూ అన్నం తింటున్నాడు.

పడవెక్కి చూడకుండా తీర్పు చెప్పనన్నాను. "అయితే నేనూ వస్తాను" అంది మంగ. రేవులో ఎదురుచూడడమే తప్ప ఆ పడవలో వేటకెళ్ళిన మనిషి కాదు.

తెల్లారుతుండగా బయల్దేరాం. సముద్రం పాటుకి నీళ్ళు తీసేటప్పుడు కిందికి పోయి, పోటుకి నీళ్ళు ఎక్కేటప్పుడు తిరిగొస్తే ఛార్జింగు నిలుస్తుందట. మంచు దట్టంగా ఉంది. మోటారు చప్పుడు చీరకుచ్చిళ్ళు కదిలినంత. చెక్కకి నీళ్ళు తగలడం వినిపిస్తోంది. మంగ ముందు కూర్చుంది, తమ్ముడు వెనక, నేను మధ్యలో.

కాసేపటికి దడదడమని పంటు మోత. ఎటునుంచో నాకు అంతుపట్టలేదు. తమ్ముడు తలకూడా తిప్పలేదు. మంగ లేచి నిలబడి, చేపల బజారులో అరిచే గొంతుతో అరిచింది.

"పంటు! ఎడమకి తిప్పవయ్యా, ఎడమకి! ఓ పంటోళ్ళూ, ఇక్కడ పడవుందీ!"

తమ్ముడు తిప్పాడు. పంటు మోత మందగించింది. "ఎవరమ్మా అక్కడ?" అని మంచులోంచి ఒక గొంతు. నల్లటి గోడలాంటిది పక్కనుంచి జరిగిపోయింది. దాని అలకి పడవ ఊగి, నెమ్మదించింది.

"ఏంటే ఆ అరుపులు, వినబడతందిగా" అన్నాడు తమ్ముడు.

మంగ వెనక్కి తిరిగింది. "ఏంటన్నావు?"

"వినబడిందన్నాను. ఇదివరకు ఇంటికొచ్చినా ఇంజను చెవిలో కొట్టుకుంటానే ఉండేది. నువ్వు నన్నేం తిట్టేదానివో ఇప్పుడే తెలుస్తంది."

మంగ నవ్వలేదు. మొహం నీళ్ళవైపు తిప్పుకుంది.

తిరిగొచ్చి టీలు తాగుతుంటే ఇంజను కొనేవాడు ట్రాలీ ఆటోలో వచ్చాడు. పనిచేస్తుందో లేదో చూసుకోవాలని అక్కడే స్టార్టు చేశాడు. ఆ మోత లేవగానే వంటింట్లోంచి మంగ బుట్ట పట్టుకుని బయటికొచ్చి, రేవు వైపు నాలుగడుగులు వేసింది. వేసి ఆగింది. మొగుడు అరుగు మీద టీ గ్లాసుతో కూర్చుని ఉన్నాడు, మోత వినలేక కుడి చెవి అరచేత్తో మూసుకుని.

మంగ ఆ చెయ్యి వంక చూసింది. బుట్ట కింద పెట్టింది.

"ఆపండి బాబూ. బాగానే ఉంది, తీసుకెళ్ళండి" అంది. తర్వాత తమ్ముడి కుడి పక్కకి వెళ్ళి, "మంచు రోజుల్లో నేనూ వస్తాను. ముందు కూర్చుంటాను" అంది. వాడు తలూపాడు.

తీర్పు చెప్పడానికి వెళ్ళిన నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. మధ్యాహ్నం భోంచేసి రైలెక్కాను. మీరెప్పుడైనా మంచులో ఆ రేవు దాటాల్సొస్తే, పంటు మీద కబుర్లు కాసేపు ఆపండి. నీళ్ళ మీద ఒక ఆడగొంతు వినిపిస్తే, దాని వెనక పడవుంది, పడవలో మా తమ్ముడున్నాడు. వాడు వస్తున్నాడని ఇన్నేళ్ళూ ఆమెకి చెప్పిన మోతే వాడి చెవిని తినేసింది. ఆ సంగతి డాక్టరుగారు చెప్పినప్పుడు మంగ నమ్మలేదు, నేను చెప్పినా నమ్మేది కాదు.

కొవ్వూరు దాటి గోదావరి వంతెన ఎక్కేసరికి చీకటి పడుతోంది. కింద ఇంజను పడవొకటి ఒడ్డుకేసి వస్తోంది. రైలు మోతలో దాని చప్పుడు నాకు వినబడలేదు. ఒడ్డున ఏ ఇల్లాలికో వినబడే ఉంటుంది. లేచి పొయ్యి వెలిగించే ఉంటుంది.